పంపు మీది వైరు

“ఇంకోసారి తిప్పమ్మా,” అన్నాడు తండ్రి, బానెట్ కింద తల దూర్చి.

కూతురు తాళం తిప్పింది. ఇంజను గిర్రున తిరిగింది తప్ప అంటుకోలేదు.

అలిగి పుట్టింటికొచ్చిన కూతుర్ని తన పాత డీజిల్ కారులోనే అత్తవారింట దింపాలని ఆయన ఆరాటం. అందుకే ఇంటి వెనక రేకుల కింద ఇంజను మొత్తం విప్పి, డీజిల్ పంపు బాగుచేసి, కొత్త టర్బో బిగించాడు. “పంపు బాగైంది, ఇక నిన్ను పంపడమే మిగిలింది,” అని పొద్దున్నుంచీ తన జోకుకు తనే నవ్వుకుంటున్నాడు.

“నిన్న బాగానే స్టార్టయిందే! టర్బో పెడితే ట్రబులే మిగిలింది. భోజనాలకి వస్తామని అల్లుడికి చెప్పేశాను.”

“పోనీ, రేపు చూద్దాం నాన్నా.”

“రేపంటే అల్లుడు నన్నే స్క్రాపులో వేస్తాడు.”

విసుగ్గా డీజిల్ పంపు తడిమాడు. దాని వైరు పక్కకు వేలాడుతోంది. అది లేకపోతే ఇంజనుకు చుక్క డీజిల్ అందదు. దానంతట అది ఊడదు, స్పానరుతో నట్టు విప్పాల్సిందే. విప్పినవాళ్లు నట్టు పోకుండా మళ్లీ అదే బోల్టుకు వేలితో తిప్పి పెట్టారు. అలా పెట్టాలని ఆయన నేర్పింది, ఇన్నాళ్లూ పక్కన నిలబడి టార్చి పట్టిన కూతురికే.

కారు కిటికీ దగ్గరికొచ్చాడు.

“నువ్వు అలిగి రాలేదు కదమ్మా?”

“లేదు నాన్నా. వచ్చేశాను.”

ఆయన మసి చేతులతోనే ఫోను తీశాడు.

“బాబూ, మేం రావడం లేదు.” అవతలి మాట విని, కూతురి వైపు చూశాడు. “లేదండీ, కారు బాగానే ఉంది.”