ఎనిమిది నెలల కొలను

"బయటికి రా ఓదెలూ! రాకపోతే నీ మీదే పోస్తా!"

బ్లీచింగ్ బస్తా మూతి విప్పి పట్టుకుని అరిచాడు మేనేజర్ వెంకటరామయ్య. ఫిల్మ్‌నగర్ కొండమీద వేసిన పల్లెటూరి సెట్టు అది. హీరో డేట్లు దొరక్క ఎనిమిది నెలలుగా పాడుబడి ఉంది. ఇప్పటికి దొరికాయి. అవీ నాలుగే రోజులు. మధ్యాహ్నమే ఈ కొలను దగ్గర మొదటి షాట్.

సెట్టుకు కాపలా ఉండే ఓదెలు మాత్రం మోకాలిలోతు నీళ్లలో నిలబడి కదలడే!

"సార్, మీరు సిమెంటు గుంత కట్టి నీళ్లు నింపి పోయిన్రు. గంతే. పాచి దానంతటదే పట్టింది. పాచికి పురుగులొచ్చినయ్. పురుగుల కోసం కప్పలొచ్చినయ్. కప్పల కోసం కొంగల జంటొచ్చి గా తుమ్మచెట్టు మీద గూడు పెట్టింది. ఇంకా ఈకలు రాని పిల్లలున్నయ్ సార్! మీరు గీ పాచిని సంపితే గవన్నీ ఉపాసంతోటి సస్తయ్."

"కొంగల సంసారం నాకెందుకయ్యా! ఈ పచ్చటి కంపులో హీరో దిగుతాడా? ఈ పూటతో నీ ఉద్యోగం ఊడింది, పో!"

"ఊడితే ఊడనియ్యిన్రి. నేనైతే కదల."

వెంకటరామయ్యకు తిక్క రేగింది. బస్తా ఎత్తాడు.

"ఆగండి!"

డైరెక్టర్ సిద్ధార్థ. ఎప్పుడొచ్చాడో ఏమో, గట్టుమీద నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. అతను చూస్తుండగానే కొంగ ఒక కప్పను చటుక్కున పట్టుకుని గూటికి ఎగిరింది. పిల్లలు ఒకటే గోల.

"అబ్బ! నేను కథలో రాసుకున్న కొలను ఇదేనండీ! దీన్నా మీరు పాడుచేయబోయింది? ఓదెలూ, నువ్వు దేవుడివయ్యా!"

ఓదెలు కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్ల తన కాపలాను ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

వెంకటరామయ్య బస్తా దించి నెత్తి గోక్కున్నాడు. "బాగానే ఉంది సార్. కానీ జంతువుగానీ పిట్టగానీ తెరమీద కనిపించాలంటే ముందే ప్రభుత్వం నుంచి పర్మిషన్ తెచ్చుకోవాలి. దానికి నెల పడుతుంది. మనకున్నది నాలుగు రోజులు."

సిద్ధార్థ కాసేపు కొలను వంక దిగులుగా చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి ఓదెలు చేతిలో పెట్టాడు.

"ఒక్క కప్పను కూడా వదలకుండా అన్నీ వీడియో తియ్యి ఓదెలూ. గ్రాఫిక్స్‌లో అచ్చం ఇలాగే చేయిద్దాం. వెంకటరామయ్యగారూ, అతను తియ్యగానే మీ బ్లీచింగ్ పోసెయ్యండి."