గొంతు పట్టే యంత్రం

“ముందు నువ్వే మాట్లాడు నోసికూ,” అంటూ పెద్దాఫీసరు సికాజ్వే మైకు ఆమె ముందుకు తోశాడు.

కోర్టు అనుమతితో లుసాకా నగరం ఫోన్లను పోలీసులు వినే ఆ గదిలో తొమ్మిదేళ్లుగా నోసికు పని వినడమే. మాట్లాడమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

యంత్రం తెచ్చిన కంపెనీ మనిషి మహా హుషారుగా ఉన్నాడు. “ఒక్క వాక్యం చాలు మేడమ్. ఈ గొంతు మీ పాత రికార్డుల్లో ఎక్కడున్నా, ఎవరి ఫోన్లోంచి మాట్లాడినా ఇట్టే పట్టేస్తుంది.”

పట్టేస్తే జైలే. పోయిన నెల, నర్సుల సమ్మె నడిపిన ముసోండాని పట్టుకోబోతున్నారని తెలిసి, ఆమె సంతలో ఎవరి ఫోనో అడిగి తీసుకుని “ఇవాళ ఇంటికి పోకు” అని చెప్పింది. అతను తప్పించుకున్నాడు. ఆ మాట రికార్డయి ఉంటుందని ఆమెకు తెలుసు. వేల గంటల రికార్డు, వినేవాళ్లు ఆరుగురు. ఎవరి చెవినా పడలేదులే అనుకుంది.

“జలుబు చేసింది సార్. గొంతు రావడం లేదు.”

“న్షీమా తినేటప్పుడు ఆగని నోరు ఇప్పుడే పడిపోయిందా అక్కా?” అన్నాడు పక్క కుర్చీలోని కబింగా. అందరూ నవ్వారు గాని, ఆ నవ్వు పెదాలు దాటలేదు.

పిల్లలిద్దర్నీ చెల్లెలి దగ్గరికి పంపించాలి, అనుకుంది నోసికు. భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. ఎవరి సంగతో ఆలోచిస్తున్నట్టే ఉంది. మైకు దగ్గరికి లాక్కుని తన పేరు చెప్పింది.

మిగతావాళ్లూ వరసగా చెప్పారు.

“ఆఖర్న మీరు సార్,” అన్నాడు కంపెనీ మనిషి.

“నాకెందుకయ్యా ఈ గోల!” అని విసుక్కున్నాడు సికాజ్వే. యంత్రానికి ఆ విసుగే చాలింది.

కంపెనీ మనిషి మీట నొక్కాడు. తెర మీద ముసోండా నంబరు, దాని పక్కన ఎర్రగా నోసికు పేరు పడ్డాయి.

“చూశారా! ఆగండాగండి, ఇంకా వస్తున్నాయి.”

కింద కబింగా పేరు పడింది. అదే రోజు, అదే నంబరు. దాని కింద మరొకటి, మరొకటి, ఇంకొకటి. ఆరో పేరు పడేసరికి కంపెనీ మనిషి చదవడం ఆపేసి సికాజ్వే వంక చూశాడు.

సికాజ్వే లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

“మీ యంత్రానికి మా గొంతులన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయి బాబూ. సర్దేసుకో.”