చీలల గుడి

“తెప్పించిన ఇనప మేకులు ఏం చేశావయ్యా?” ఫాదర్ మార్సెల్ పైకి చూసి అడిగారు.

“బుట్టలోనే భద్రంగా ఉన్నాయండి,” అన్నాడు వీరాస్వామి కప్పు మీంచి. “కొయ్య చీలలు చాలండి. మా లంకల్లో ఎవరూ మేకు కొట్టరండి. మా ఇళ్లకీ చీలలేనండి.”

ఇనుమంటే ఏదో భయం కాబోలని ఫాదర్ నవ్వుకున్నారు.

వీరాస్వామి పడవలు కట్టే వడ్రంగి. పుట్టి బుద్ధెరిగాక గుడి కట్టిన పాపాన పోలేదు. ఫాదర్ మాత్రం గోదావరి నడుమ చిన్నలంకలో కొత్త తరహా గుడి కట్టాలని రెండేళ్లుగా కాగితాల మీద గీస్తున్నారు. లోపల ఒక్క స్తంభం ఉండకూడదు, కిటికీలు నిలువెత్తున ఉండాలి. గోడలు ఇటుకతో అన్నారు. ఆనకట్ట కట్టి నలభై ఏళ్లు దాటినా లంకలో ఇటుకగోడ లేచింది లేదని వీరాస్వామి మొండికేశాడు. చివరికి రంగూన్ టేకుతో మొత్తం చెక్కగుడే లేచింది. కప్పు అచ్చం బోర్లించిన పడవే. ఫాదర్‌కు ముచ్చటేసింది.

“ప్రతి చెక్క మీదా ఈ ఉలిగాట్లేంటి?”

“గుర్తులండి. చేతికి అలవాటైపోయింది.”

ఫాదర్ తన ఊరి నుంచి తెచ్చుకున్న బొంగురు గంటను కూడా వీరాస్వామి తాడుతోనే కట్టాడు. ఉపదేశి చిట్టియ్యకు ఇదేదీ నచ్చలేదు.

“చీలలు లాగితే ఒక్క పూటలో ఊడొచ్చేస్తుందండి. ఆ టేకు మీద వాడి కన్నుంది.”

“వాడు నా తమ్ముడిలాంటివాడయ్యా,” అని ఫాదర్ కసిరారు.

గుడి పూర్తయింది. ప్రతిష్ఠకు బిషప్పుగారిని తీసుకురావడానికి ఫాదర్ విశాఖపట్నం వెళ్లారు. పదిహేను రోజులకు ఇద్దరూ రేవులో దిగేసరికి చిట్టియ్య ఎదురొచ్చాడు.

“నాలుగు రోజుల కిందట గుడి విప్పేశాడండి. చెక్కంతా పడవల్లో ఎక్కిస్తుంటే ఈ కళ్లతో చూశాను. గంటతో సహా. ఎక్కడికిరా అంటే చెప్పే తీరిక లేదన్నాడు. నేనిటొచ్చేశాక వరదొచ్చి, ఇవాళ్టిదాకా పడవ కదిలితే ఒట్టండి.”

ఫాదర్ రేవు మెట్ల మీద కూలబడ్డారు. చెక్క పోతే పోయింది, వీరాస్వామి ఇంత పని చేశాడా అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

“పదండి, గుడి ఉన్న చోటైనా చూద్దాం,” అన్నారు బిషప్పుగారు.

పడవ మలుపు తిరిగింది. చిన్నలంక ఉండాల్సిన చోట ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. చెట్టూ లేదు, గట్టూ లేదు. పడవవాడు తెడ్డు ఆపేశాడు.

ఎగువన పెద్దలంకలో బొంగురు గంట మోగింది.