ఆరు మిల్లీలీటర్లు

సూర్యావతి కడుపులోని బ్యాండులో చుక్క నీరు లేదు.

ఖాళీ సిరంజిని వెలుతురుకెత్తి చూసి డాక్టర్ సురేంద్రనాథ్ బిత్తరపోయాడు. "నా చేత్తో ఆరు మిల్లీలీటర్లు ఎక్కించాను. ఏమైపోయాయి?"

బల్లమీద పడుకున్న సూర్యావతి తల ఎత్తి చూసింది. కిందటేడు ఆమె నూట పద్దెనిమిది కిలోలు. పొట్ట పైభాగానికి ఉంగరంలా బ్యాండు బిగించి, చర్మం కింద అమర్చిన బిళ్లలాంటి పోర్టులో సూది గుచ్చి, దాని ట్యూబు గుండా నీళ్లెక్కించాక నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. తొంభై రెండుకు దిగింది. ఈ రెండు నెలల్లో ఆకలి తిరిగొచ్చింది. ఆకలితోపాటే వంకాయ పులుసు, చేపల వేపుడు, నూట మూడు కిలోలు.

"ఇదంతా నీ వల్లేనే!" అని కూతురి మీద విరుచుకుపడింది. "కోహ్కాలో మీ అత్తోరింటి నుంచి వచ్చినప్పుడల్లా సమోసాలట్టుకొత్తావు."

"అరే మమ్మీ! రెండు తెస్తే రెండూ నువ్వే తిన్నావు. ఇందులో మేరా క్యా కసూర్, నా తప్పేంటి?" అంది బిందుప్రియ.

"అతిగా తింటే బ్యాండు జారొచ్చు. నీళ్లు మాయం కావు," అన్నాడు డాక్టరు.

పోర్టులోకి ఎక్స్‌రేలో కనపడే మందు ఎక్కించి ఫిల్ము తీశారు. ఎక్కడా కారినట్టు కనిపించలేదు. డాక్టరు ఫిల్మును రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఎక్స్‌రేకి అందనంత సన్న రంధ్రం పడుండాలి. పొట్టమీద ఇన్సులిన్ ఎవరు వేస్తున్నారు?"

మూలనున్న గణపతిరావు మెల్లగా చెయ్యెత్తాడు. స్టీలు ప్లాంటులో ముప్ఫై రెండేళ్లు హైడ్రాలిక్ పంపులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆపరేషనుకు ముందు డాక్టరు బొమ్మ గీసి వివరిస్తుంటే, "అంటే ప్రెషరు దించితే పట్టు వదులుతాదన్నమాట" అని అందరికంటే ముందు అర్థం చేసుకున్నది ఆయనే.

"సూది గురి తప్పి ట్యూబుకు తగిలిందేమో," అన్నాడు డాక్టరు.

సూర్యావతికి రోషం వచ్చింది. "ఆయన చెయ్యి తప్పదు బాబూ! చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాకోసం ఈ మడిసి ఎలాగైపోనారో తెలుసేటి? వాసనకి నోరూరుతాదని నాను పొయ్యి ముట్టించడమే మానీసినాను. ఎనిమిది నెల్లు నాతోపాటు జావ తాగి పన్నెండు కిలోలు తగ్గిపోనారు. మా సెక్టారులో ఇరుగుపొరుగోళ్లు మొగుడంటే గణపతిరావేనంటారు."

"సచ్ మే, డాడీ గ్రేట్," అంది బిందుప్రియ.

గణపతిరావు తల వంచుకున్నాడు. ఎంత వినయమో అనుకుంది సూర్యావతి.

"రిస్కు తీసుకోలేను," అన్నాడు డాక్టరు. "రేపు పొద్దున్నే కోసి పోర్టు, ట్యూబు మార్చేద్దాం."

సూర్యావతి లేచి కూర్చుంది. మొదటిసారి మత్తులో ఊపిరి అందక రెండు రోజులు ఐసీయూలో ఉంది. అప్పుడే డాక్టర్లు పెదవి విరిచారు. "మళ్లీ మత్తిస్తే నాను లేస్తానా, బాబూ?"

డాక్టరు నర్సుకు సైగ చేశాడు. నర్సు ఫారం తెచ్చి గణపతిరావు ముందు పెట్టింది. "భర్తగా ఇక్కడ సంతకం చేయండి."

పెన్ను కాగితానికి ఆని ఆగిపోయింది. అక్కడ చిన్న సిరా చుక్క పెద్దదవుతోంది.

"ఏటండీ, భయమేత్తందా?" అంది సూర్యావతి జాలిగా. "పెట్టీండి. నాకేటైనా అయితే మీ తప్పు కాదు."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "కొయ్యకండి డాక్టరు బాబూ. రంధ్రం లేదు."

"మీకెలా తెలుసు?"

"ఇన్సులిన్ ఏసినప్పుడల్లా ఆ పోర్టులోంచి నీళ్లు ఇంతింత నానే లాగీసినాను."

గణపతిరావు భార్య వైపు తిరిగాడు.

"నీకాకలైతేగాని నాకు కూడొండవు కదే, సూరీ."