తూనీగ రెక్క మీద ఎర్ర గీత

ఫోను రాగానే అతను నోట్లో బ్రష్షుతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఇచ్చారు! కాలనీ కమిటీవాళ్ళు పర్మిషన్ ఇచ్చేశారు!" అన్నాడు నురగ కక్కుతూ. "సెలవురోజుల్లో, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా. మైదానం దాటి ఇళ్ళ మీదికి వెళ్ళకూడదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇక జన్మలో ఎగరెయ్యనివ్వరట."

"ముందు నోరు కడుక్కోండి," అని ఆమె పకపకా నవ్వింది.

పెళ్ళయి నలభై రోజులు. అతను తుమ్మినా ఆమెకు ముద్దుగానే ఉంది. పుట్టిల్లు మైదానానికి ఆ చివర, అత్తారిల్లు ఈ చివర. "ఏడుస్తూ సాగనంపుదామంటే కళ్ళు తడవకముందే ఇల్లొచ్చేసిందే," అని వాళ్ళమ్మ వేళాకోళం. పెళ్ళయ్యాక మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు అతను మేడ మీద నీళ్ళ తొట్టి దగ్గర మగ్గు పట్టుకుని చాలాసేపు నిలబడిపోతే, "అల్లుడికి మన తొట్టి నచ్చినట్టుంది," అని కూడా ఆవిడే నవ్వింది.

అల్మారా మీంచి పెట్టె దించి అతను డ్రోన్ బయటికి తీశాడు. రెండరచేతులంత ఉంటుంది. పేరు తూనీగ. విరిగిన ఒక రెక్కను జిగురుతో అతికించాడు. అతుకు పక్కన వేలెడు ఎర్ర గీత, ఎంత తుడిచినా పోనిది.

"దీన్ని ముట్టుకుని ఎనిమిది నెలలైంది," అన్నాడు. "ఆ రోజు గాలికి అదుపు తప్పి ఏదో మేడ మీదికి పోయింది. అక్కడెవరో కొట్టారు. వాళ్ళ తప్పేం లేదులే. నెత్తి మీద కెమెరా తిరుగుతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పొరపాటైందని చెప్పుకోలేకపోయాను, అదే సిగ్గు."

ఆమె ఆ గీతను వేలితో తడిమింది. "పదండి, ఏడైపోతుంది," అంది.

మైదానం మధ్యలో అతను, గోడ పక్క బెంచీ దగ్గర ఆమె. తూనీగ ఝుమ్మని లేచింది. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయింది. అంతలోనే కేక.

"ఏయ్! దించు దాన్ని!"

ముందు వరస ఇంటి బాల్కనీలోంచి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. చూస్తుండగానే ఆవిడ కిందికి దిగొచ్చింది. నడకకొచ్చిన లెక్కల మాస్టారు చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. వెనక ఇంకో నలుగురు.

"మళ్ళీ తయారయ్యావా? కొంపల్లోకి తొంగి చూడ్డానికి సిగ్గులేదూ?"

"పర్మిషన్ ఉందండీ..."

"తొంగి చూడ్డానికి పర్మిషనా? ఎవరిచ్చారు, మీ తాతా?"

అందరూ గొల్లుమన్నారు.

అతనిది ఒకటే పద్ధతి. వాదించడు. తూనీగను దించాడు, బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు, అందరికంటే గట్టిగా అరిచిన మనిషి చేతిలో వీడియో కనిపించే రిమోట్ తెర పెట్టాడు. "మీరే చూడండి పిన్నిగారూ, మొదట్నుంచీ."

"ఆఁ, చూపించేవి చూపించి మిగతావి చెరిపేసుంటావు!"

"కమిటీకి ఒక్క కాగితం రాసిస్తే పీడ వదుల్తుంది," అన్నాడు మాస్టారు. "చూసినవాళ్ళు ఒకరుంటే చాలు." మాస్టారి చూపు బెంచీ మీద పడింది. "అమ్మాయ్, నువ్విక్కడే ఉన్నావుగా. ఇది మా మేడల మీదికొచ్చిందా? ఇతను నీకు తెలుసా?"

అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి.

"తెలీదు... నేను ఊరికే నడవడానికొచ్చానండీ."

అతను తలెత్తలేదు. వంగి తూనీగకు అంటిన గడ్డిపరకలు ఒక్కొక్కటే తీస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆమెకు బెంచీతో సహా భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"పోయినసారీ ఇంతే," అంది కళ్ళజోడు ఆవిడ. "ఎవరో ఆడపిల్ల మేడ మీద తలారబెట్టుకుంటుంటే తీసుకెళ్ళి మొహం ముందు నిలబెట్టాడట!"

"గాలికి పోయిందండీ," అన్నాడతను మెల్లగా. "ఆవిడెవరో తెలిస్తే కాళ్ళు పట్టుకుంటాను."

ఆ మాటకు ఆమె ఇక కూర్చోలేకపోయింది. లేచి వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఈయన మా ఆయన. ఇందాక అబద్ధం చెప్పాను. ఇది మైదానం దాటలేదు, కన్నార్పకుండా చూశాను. కాగితం రాస్తే ఆ మాటా రాయండి. సంతకం పెడతాను."

"మొగుణ్ణే తెలీదన్నదానివి, నీ సాక్ష్యం ఏం నమ్మమంటావు?" అన్నాడు మాస్టారు.

ఈలోగా కళ్ళజోడు ఆవిడ తెరలోకి ముఖం పెట్టింది. "మా ఇల్లేదీ? బెంచీ మీద ఈ పిల్లే ఉందేమిటి? ముందుకి జరిపినా ఇదే, వెనక్కి జరిపినా ఇదే!" తెర అతని చేతికి తోసేసింది. "మీ సరసానికి మా నిద్ర పాడు. పోండి, పోండి!"

కాగితం ఆగిపోయింది. తెర నిండా తనే ఉండడం చూసి ఆమెకు మరింత తల వాలిపోయింది.

"నన్ను తిట్టండి," అంది దారిలో.

"దేనికి?"

"మీరెవరో తెలీదన్నందుకు."

"అంతమంది మీదపడితే నేనెవరో నాకే తెలీదనేవాణ్ణి."

ఆమెకు నవ్వు రాలేదు. ఇంకో మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఇంటికొచ్చాక అతను మెత్తటి గుడ్డతో తూనీగను తుడిచాడు. ఎర్ర గీత దగ్గర గుడ్డ ఒక్క క్షణం ఆగింది.

"రేపూ సెలవేగా," అన్నాడు. "ఆరింటికి నువ్వు మీ అమ్మావాళ్ళ మేడెక్కు. నేను మైదానం దాటకుండా తూనీగను నీ ఎత్తుకు లేపి, వంచి దణ్ణం పెట్టిస్తాను."

"నాకు దణ్ణమేమిటండీ, నేనే మీకు పెట్టాలి," అంది ఆమె తల దించుకునే.

అతను పెట్టె మూసి, ఆమె చుబుకం పట్టి పైకెత్తాడు.

"ఈసారి ఎర్ర మగ్గు విసరకు."