మూడో సిఫారసు

“ఈసారి కూడా సంజీవరావుగారి చేతే రాయించాలా నాన్నా?” అంది రూతు, అప్లికేషన్ కాగితాలు బల్ల మీద పడేస్తూ.

“నీ రీసెర్చికి గైడు ఆయనైతే ఇంకెవరు రాస్తారమ్మా?” అన్నాడు కృపానందం. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. ప్రతి కాగితమూ చదివి, తప్పులు దిద్ది, కవరు అంటించి, భవానీపురం పోస్టాఫీసులో తనే స్వయంగా రిజిస్టరు చేయించి వస్తే తప్ప ఆయనకు తృప్తి ఉండదు.

రూతుకు వృక్షశాస్త్రంలో డాక్టరేటు వచ్చి నాలుగేళ్లయింది. దివిసీమ చౌడునేలల్లో వరి ఎందుకు ఎండిపోతోందో తేల్చాలని పట్టుదల. అందుకు యూనివర్సిటీ వాళ్ల రెండేళ్ల ఫెలోషిప్పు కావాలి. రెండుసార్లు అప్లై చేసింది, రెండుసార్లూ రాలేదు. వచ్చే మార్చికి ముప్పై అయిదు నిండుతాయి. ఆ తర్వాత అప్లై చెయ్యడానికే వీల్లేదు.

“నా మార్కులకు వంక లేదు, పేపర్లకు వంక లేదు. నేను చూడకుండా వెళ్లేది ఆయన ఉత్తరం ఒక్కటే. అందులో ఏం విషం కక్కుతున్నాడో!”

“ఛ, ఆయన్ని అనకు. పెద్దమనిషి.”

“నువ్వెప్పుడూ ఆయన పక్షమే!”

రూతుకు ఒళ్లు మండింది. అనుమానం పట్టిన దగ్గర్నుంచి ఆమెకు గైడుగారు నవ్వితే ఎగతాళిలా, నవ్వకపోతే కక్షలా కనిపిస్తున్నాడు. ఇక ఆగలేక ఆ సాయంత్రమే బస్సెక్కి పటమటలో ఆయన ఇంటికి వెళ్లింది.

“సార్, నా మీద మీకేమైనా కోపమా?” అని అడిగేసింది.

సంజీవరావు కూర్చోమని కూడా అనలేదు. “నా మీద నమ్మకం లేనిదానివి నాచేత ఎందుకు రాయించుకున్నావు?”

“నేనేం చేశాను సార్?”

“నిన్నెందుకు తీసుకోలేదని నేనే యూనివర్సిటీకి రాసి అడిగాను. నిన్న జవాబొచ్చింది. చదువుకో.”

సిఫారసు కవరు అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి ఇవ్వడం ఆయన అలవాటు. రెండుసార్లూ ఆ సంతకం సగం పైకి, సగం కిందికి తప్పి అతుక్కుని ఉందట. మధ్యలో ఎవరో విప్పిన కవరుతో వచ్చిన అప్లికేషన్ను కమిటీ అసలు చూడదట.

“దేవుడి సాక్షిగా నేను విప్పలేదు సార్!”

“నీ చేతికే ఇచ్చాను. విప్పిందెవరో చెప్పు, మూడోది రాస్తాను. అంతవరకూ రాకు.”

తిరుగు బస్సులో ఆమె పోస్టాఫీసు గుమాస్తా మొదలు యూనివర్సిటీ ప్యూను దాకా అందరినీ అనుమానించింది. ఇంటికి రాగానే తండ్రి ముందు కూలబడి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

“ఏ పాపిష్టివాడు విప్పాడో నాన్నా, నా బతుకు నాశనం చేశాడు! సార్ మాత్రం నా గురించి మంచిగా రాశాడని నమ్మకమేంటి?”

కృపానందం తల దించుకున్నాడు.

“రెండుసార్లూ చాలా బాగా రాశారమ్మా.”