కిచెన్ మ్యాట్ మీద కుంకుమ

"కదలకు! కాలు కింద పెట్టకు!"

పద్మావతి కేకకి గౌతమ్ వంటింట్లో ఒంటికాలి మీద ఆగిపోయాడు. రెండో కాలు గాల్లో ఉంది. దాని కింద, స్టవ్ ముందు పరిచిన కొత్త మ్యాట్. మ్యాట్ మధ్యలో పద్మం. పద్మం మీద పసుపూ కుంకుమా.

"అమ్మా, మూడు రోజులైంది. ఒక్క కాఫీ పెట్టుకుని..."

"ఎవరో పూజ చేసిన పద్మంరా అది. తొక్కితే ఇంకేమన్నా ఉందా? వెనక్కి రా!"

నాచారంలోని ఆ ఫ్లాట్లో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. వంటిల్లు ఇరుకు. మ్యాట్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. దాన్ని తొక్కకుండా స్టవ్ అందదు, సింకూ అందదు. నిన్న గౌతమ్ తండ్రి గోపాలరావు గుమ్మంలో నిలబడి మాప్ కర్రతో స్టవ్ వెలిగించబోయి కందిపప్పు డబ్బా పడగొట్టాడు. పెళ్ళాం ఒక్క చూపు చూసింది. అప్పటి నుంచి కర్రీ పాయింట్ పప్పుచారు తాగుతూ నోరెత్తడం లేదు.

"అసలు పద్మం ఉన్నదే ఎందుకు కొన్నావమ్మా?" పద్మావతి కోడల్ని నిలదీసింది.

"ఉప్పల్ రింగ్‌రోడ్డు పక్కన అమ్ముతుంటే కొన్నాను అత్తయ్యా. వెనక రబ్బరు ఉంది, జారదు. ముదురు మెరూన్, నూనె మరకలు కనబడవు. కొలిచినట్టు సరిపోయిందని స్టవ్ ముందు వేశాను." బిందుమాధవి మ్యాట్ కేసి వేలు చూపించింది. "ఏదో పువ్వనుకున్నాను. కానీ ఆ బొట్టు పెట్టింది మాత్రం నేను కాదు!"

"పోనీ, చుట్టేసి పక్కన పెట్టేస్తా" అన్నాడు గౌతమ్.

"పూజ చేసిన చెయ్యే తియ్యాలి. ఇంకెవరు ముట్టుకున్నా అరిష్టం."

"పోలీసు కుక్కని పిలిపిద్దామా?" అన్నాడు గోపాలరావు, ఆగలేక.

"దాన్ని మాత్రం మ్యాట్ ఎక్కనిస్తారా మామయ్యా?"

పద్మావతి చూపు పనిమనిషి శాంతాబాయి మీద ఆగింది.

"పొద్దున్నే ఇంట్లోకి వచ్చేది నువ్వే. ఒప్పుకుని తీసెయ్. లేదంటే రేపటి నుంచి పనిలోకి రావద్దు."

శాంతాబాయి చీపురు కింద పడేసింది. "గిదేందమ్మా! నేను తుడిసేదాన్ని, మొక్కేదాన్ని గాదు. ఎనిమిదేండ్ల సంది జేస్తున్న. ఒక్క చెంచా వోయిందా?"

"చెంచా సంగతి కాదు, కుంకుమ సంగతి చెప్పు."

"మా ఇంట్ల కుంకుమ మా దేవుళ్ళకే సాలదు. మీ మ్యాట్‌కేడికెల్లి తేవాలె?" శాంతాబాయి కళ్ళు తుడుచుకుంది. "బిందమ్మా, జర మీ పంతులుగారికి ఫోన్ గొట్టు. ఏదన్న పరిహారం జెప్తడు. ఉత్తగనే నా నౌకరి తీస్తున్రు."

"వద్దు! ఈ టైములో ఆయన పూజలో ఉంటారు" పద్మావతి గబగబా లేచింది.

బిందుమాధవి అప్పటికే నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. నాగోల్ నుంచి పంతులుగారి గొంతు వినబడగానే జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"స్వామీ, అది ఎవరు పెట్టారో తెలియక ఒకరి పని పోయేలా ఉంది. దీనికి పరిహారం ఏమిటి?"

"తెలియకపోవడం ఏమిటమ్మా?" అన్నారు పంతులుగారు అమాయకంగా. "పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఒక్క వారమైనా వంట తప్పలేదు, తప్పించే శాస్త్రం ఏదైనా ఉంటే చెప్పమని ప్రాణం తీసి, నేను లేదన్నా వినకుండా, కోడలు తెచ్చిన మ్యాట్‌కి బొట్టు పెట్టేస్తానని ఫోన్ పెట్టేసింది మీ పద్మావతమ్మగారే కదా!"